ఆగడమా, ఎగరడమా? – టేకాఫ్‌లో ఇంజను చెడిపోతే

విమానం రన్‌వే కొసన నిలబడి, ఇంజన్ల హోరు పెరిగి, వీపు కుర్చీకి అతుక్కుపోయే ఆ ముప్పై నలభై సెకన్లలో మనం చేసే పనులు రకరకాలు. కొందరు కళ్లు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకుంటారు. కొందరు పిల్లల బెల్టు మరోసారి లాగి చూస్తారు. ఏటేటా ఇండియా వెళ్లివచ్చే అలవాటున్నవాళ్లు అప్పటికే నిద్రలోకి జారుకుని ఉంటారు. సరిగ్గా అదే సమయంలో, మూసిన తలుపుకి అవతల, కెప్టెన్ కుడిచెయ్యి ఇంజన్ల మీటల మీద ఉంటుంది. పక్కనున్న పైలట్ వేగం చూస్తూ ఒక దశలో "వి-వన్" అని పైకి అంటాడు. ఆ మాట వినగానే కెప్టెన్ మీటల మీంచి చెయ్యి తీసేస్తాడు.

చెయ్యి తియ్యడం చిన్న పనే. కానీ దాని అర్థం పెద్దది. అప్పటిదాకా ఏదైనా తేడా వస్తే మీటలు వెనక్కి లాగి విమానాన్ని ఆపెయ్యవచ్చు. ఆ తర్వాత ఇంజను చెడిపోయినా సరే, ఆగడం లేదు, ఎగరడమే. పొరపాటున కూడా మీటలు వెనక్కి లాగకుండా ఉండేందుకే చెయ్యి తీసెయ్యమన్నారు. ఈ పద్ధతి ఎవరో ఒక్క మహానుభావుడు ఒక్కరోజులో కనిపెట్టినది కాదు. దాదాపు తొంభై ఏళ్లుగా, కొన్ని ప్రయోగాల వల్లా, ఎక్కువగా ప్రమాదాల వల్లా, కొంచెం కొంచెంగా కూడుకుంటూ వచ్చినది. ఆ కథే ఈ వ్యాసం.

ఒక్క ఇంజనుతో లేవగలదా?

1931 మార్చి 31న కాన్సస్ రాష్ట్రంలో టి.డబ్ల్యు.ఎ. వారి ఫోకర్ విమానం కూలిపోయి, నోటర్ డామ్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ శిక్షకుడు నూట్ రాక్నీతో సహా ఎనిమిది మంది చనిపోయారు. చెక్కతో చేసిన రెక్క విరిగిపోవడం దానికి కారణం. చెక్క విమానాల మీద జనానికి నమ్మకం పోయింది. పూర్తిగా లోహంతో చేసిన కొత్త విమానం బోయింగ్ 247 తయారవుతోంది కాని, మొదటి అరవై విమానాలూ యునైటెడ్ వాళ్లకే వెళ్లిపోతున్నాయి. దాంతో టి.డబ్ల్యు.ఎ. తరఫున జాక్ ఫ్రై అనే అధికారి 1932 ఆగస్టులో డగ్లస్ మొదలైన కంపెనీలకు ఒక ఉత్తరం రాశాడు. మాకు లోహంతో చేసిన, మూడు ఇంజన్ల విమానం కావాలి, చెయ్యగలరా అని ఆ ఉత్తరం సారాంశం.

డగ్లస్ కంపెనీ ఇంజనీర్లు మూడెందుకు, రెండు ఇంజన్లు చాలన్నారు. అప్పట్లో టి.డబ్ల్యు.ఎ.కి సలహాదారు చార్లెస్ లిండ్‌బర్గ్. 1927లో ఒక్క ఇంజను విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గే ఇతను. ఒంటి ఇంజనుతో సముద్రం దాటినవాడు ప్రయాణికుల విషయానికి వచ్చేసరికి గట్టి షరతు పెట్టాడు. పూర్తి బరువుతో, మేము వాడే ఏ విమానాశ్రయం నుంచైనా సరే, ఒక ఇంజను పనిచెయ్యకపోయినా ఈ విమానం గాలిలోకి లేవగలగాలి అన్నాడు. అప్పటికి అది గొంతెమ్మ కోరికే.

అలా తయారైన విమానం పేరు డిసి-1. 1933 జూలై 1న మొదటిసారి ఎగిరినప్పుడే అది అందరి గుండెల్లో రాయి వేసింది. ముక్కు పైకెత్తగానే ఇంజన్లు ఆగిపోవడం, దించగానే మళ్లీ అందుకోవడం! పైలట్ కార్ల్ కవర్ మెట్లు ఎక్కినట్టు కాస్త ఎత్తుతూ, కాస్త దించుతూ ఎలాగో తిప్పుకొచ్చి దించాడు. విప్పి చూస్తే కార్బురేటర్లలో తేలే బుడ్డీలను తిరగేసి బిగించారని తేలింది.

అసలు పరీక్ష సెప్టెంబరులో జరిగింది. అరిజోనాలోని విన్స్‌లో విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 4,900 అడుగుల ఎత్తున ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక రెక్కలకి ఆధారం తక్కువ, ఇంజన్లకి బలం తక్కువ. అంచేత పరీక్షకి అలాంటి చోటునే ఎంచుకున్నారు. టేకాఫ్ సమయంలోనే కావాలని ఒక ఇంజను ఆపేశారు. విమానం మిగిలిన ఒక్క ఇంజనుతో లేచి, న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీ దాకా వెళ్లి దిగింది.

డిసి-1 ఒక్కటే తయారైంది. కానీ దాని సంతానం డిసి-2, డిసి-3 ప్రపంచమంతా తిరిగాయి. డిసి-3నే మనవాళ్లు డకోటా అనేవారు. 1945లో హైదరాబాదు సంస్థానంలో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి ఈ డకోటాలే. లిండ్‌బర్గ్ షరతు వల్ల పుట్టిన విమానవంశం మన ఊరి మీదుగా కూడా ఎగిరిందన్నమాట.

మూడు వేగాలు

విమానం లేవగలదని తేలింది. మరి పైలట్ ఏం చెయ్యాలి? రన్‌వే మీద పరిగెడుతుండగా ఇంజను చెడిపోతే ఆగాలా, ఎగరాలా? తీరిగ్గా కూర్చుని ఆలోచించడానికి వ్యవధి ఉండదు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే లాభం లేదు. అందుకని ఆ ఆలోచనంతా ముందే, నేల మీదే, లెక్క కట్టి పెట్టుకోవాలన్నారు. 1957లో అమెరికా ప్రభుత్వం జెట్ విమానాల కోసం ప్రత్యేకంగా నిబంధనలు చేసింది. ఈనాటి నిబంధనలకు పునాదులు అక్కడున్నాయి.

ఆ లెక్కలో మూడు వేగాలుంటాయి. విమానాల వేగాన్ని నాట్లలో చెబుతారు. ఇవి మన వరినాట్లు కావు లెండి. ఒక నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. మొదటిది వి1: ఈ వేగం లోపల ఆపడం మొదలుపెడితే రన్‌వే మిగిలుండగానే ఆగవచ్చు. రెండోది విఆర్: ముక్కు పైకెత్తే వేగం. మూడోది వి2: ఒక ఇంజను పోయినా క్షేమంగా పైకి ఎక్కగలిగే వేగం. ఇవి ఏ విమానానికీ స్థిరంగా ఉండవు. బరువు, ఎండ, గాలి, రన్‌వే పొడవు, తడి, అన్నీ చూసి ప్రతి ప్రయాణానికీ కొత్తగా లెక్క కడతారు.

ఇంజను పోయాక కూడా విమానం ఎంత బాగా ఎక్కాలో నిబంధన చెబుతుంది. పొడి రన్‌వే అయితే, దాని కొస దాటేటప్పటికి 35 అడుగుల ఎత్తులో ఉండాలి. చక్రాలు లోపలికి ముడుచుకున్నాక, రెండు ఇంజన్ల విమానమైతే ఒక్కదానితోనే కనీసం 2.4 శాతం వాలుతో ఎక్కాలి. అంటే వెయ్యి అడుగులు ముందుకు వెళ్లేలోగా 24 అడుగులు పైకి లేవాలి. చూడటానికి నత్తనడకే. కానీ ఆ నత్తనడక ప్రాణాలు నిలబెట్టడానికి చాలు.

ఇందులో మొదట్లో ఒక లోపం ఉండేది. ఇంజను ఏ వేగంలో చెడిపోయిందన్నదే చూశారు కాని, అది చెడిపోయిందని మనిషి గ్రహించి చెయ్యి కదిలించడానికి పట్టే సమయాన్ని సరిగ్గా పట్టించుకోలేదు. 140 నాట్ల వేగంలో ఒక్క సెకనుకి విమానం 70 మీటర్లు దూసుకుపోతుంది. 1978లో నిబంధనను సవరించి ఈ సమయాన్ని లెక్కలోకి తెచ్చారు. అంచేత వి1 అంటే "ఇప్పుడు ఆలోచించు" అని కాదు. ఆపదలుచుకుంటే ఆ వేగం వచ్చేలోగానే మొదటి చర్య మొదలై ఉండాలి. అప్పటికి మొదలుకాకపోతే ఇక ఆపకూడదు.

షికాగో, 1979

నియమం తు.చ. తప్పకుండా పాటించినా ప్రాణాలు దక్కని సంఘటన ఒకటుంది. 1979 మే 25, శుక్రవారం. మెమోరియల్ డే సెలవులకు జనం బయలుదేరుతున్న రోజు. షికాగో ఓహేర్ విమానాశ్రయం నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లే అమెరికన్ ఎయిర్‌లైన్స్ 191, డిసి-10 విమానం, మధ్యాహ్నం మూడు దాటాక టేకాఫ్ మొదలుపెట్టింది. సరిగ్గా ముక్కు పైకెత్తే వేళకి ఎడమ ఇంజను, దాన్ని రెక్కకి పట్టివుంచే స్తంభంతో సహా ఊడి, రెక్క మీదుగా వెనక్కి ఎగిరి రన్‌వే మీద పడింది.

వి1 దాటిపోయింది. ఆపడానికి వీల్లేదు. పైలట్లు నేర్చుకున్నట్టే విమానాన్ని గాలిలోకి లేపారు. వేగం 172 నాట్లదాకా వచ్చింది. ఆ రోజుకి వి2 153 నాట్లు. ఇంజను పోయినప్పుడు వి2 దగ్గర ఎక్కాలని అప్పటి పద్ధతి చెబుతోంది. వాళ్లు ముక్కు ఎత్తి పట్టుకుని వేగాన్ని ఆ అంకెవైపు తగ్గనిచ్చారు.

వాళ్లకు తెలియనిది ఒకటుంది. ఊడిపోయిన ఇంజను పోతూ పోతూ రెక్క ముందంచులోని హైడ్రాలిక్ గొట్టాలను తెంపేసింది. టేకాఫ్‌లో రెక్కకి అదనపు బలం ఇవ్వడానికి ముందుకి జరిగి ఉండే స్లాట్లు అనే పలకలు ఎడమవైపు మాత్రం లోపలికి ముడుచుకుపోయాయి. అవి ముడుచుకున్న రెక్క 159 నాట్ల దగ్గరే గాలి మీద పట్టు కోల్పోతుంది. వేగం 159కి రాగానే ఎడమ రెక్క వాలిపోయింది. పట్టు తప్పబోతోందని హెచ్చరించే పరికరానికి కరెంటు ఆ ఊడిపోయిన ఇంజను జెనరేటరు నుంచే రావాలి. అది మూగబోయింది. కాక్‌పిట్‌లోంచి చూస్తే ఆ రెక్క కనబడదు. లేచిన 31 సెకన్లకి విమానం నేలకూలింది. విమానంలో ఉన్న 271 మందీ, నేల మీద ఇద్దరూ, మొత్తం 273 మంది పోయారు.

ఇంజను ఎందుకు ఊడింది? సుమారు ఎనిమిది వారాల ముందు మరమ్మతు కోసం దాన్ని విప్పినప్పుడు, ముందు ఇంజనూ తర్వాత స్తంభమూ విడివిడిగా తియ్యాలన్న తయారీదారు సలహా పక్కనపెట్టి, పని త్వరగా తెములుతుందని రెండింటినీ కలిపి ఫోర్క్‌లిఫ్టు మీద దించారు. అప్పుడు స్తంభంలో పడిన పగులు ఎవరి కంటా పడలేదు. ఎగిరినకొద్దీ అది పెరిగింది. ఆ తర్వాత వెతికితే అలాంటి పగుళ్లు మరికొన్ని డిసి-10 విమానాల్లోనూ బయటపడ్డాయి. జూన్, జూలై నెలల్లో ఐదు వారాలకు పైగా అమెరికాలో ఈ విమానాలను నేలకి కట్టేశారు.

తప్పు పైలట్లది కాదు. వాళ్లు పుస్తకం చెప్పినట్టే చేశారు. పుస్తకమే ఇలాంటి దాన్ని ఊహించలేదు. అంచేత పుస్తకాన్ని మార్చారు. అప్పటికే వి2 కంటే ఎక్కువ వేగం వచ్చి ఉంటే, పనిగట్టుకుని దాన్ని వి2కి దించనక్కర్లేదన్నారు. పట్టు తప్పే హెచ్చరిక ఇద్దరు పైలట్ల దగ్గరా ఉండాలన్నారు. ఆ రోజు ఆ ఇద్దరి చేతిలో లేని సమాచారం ఈరోజు ప్రతి పైలట్‌కీ అందుతోంది.

ఆగితే సరిపోతుందా?

ఇక రెండోవైపు చూద్దాం. 1985 ఆగస్టు 22న ఇంగ్లండులోని మాంచెస్టర్ నుంచి గ్రీసు దేశపు కోర్ఫు దీవికి బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌టూర్స్ బోయింగ్ 737లో, వి1 రాకముందే ధబ్బుమని చప్పుడైంది. చక్రం పేలిందనుకున్నారు పైలట్లు. క్షణాల్లో ఆపేశారు. నిర్ణయం సరైనదే. కానీ నిజానికి పగిలింది ఎడమ ఇంజను. దాని ముక్క రెక్కలోని ఇంధనపు ట్యాంకును చీల్చింది. మిగతావాళ్లకి రన్‌వే ఖాళీ చేద్దామని విమానాన్ని పక్కదారిలోకి తిప్పి నిలబెట్టేసరికి గాలి మంటలను విమానం మీదికే తోసింది. నేల మీద, నిలబడి ఉన్న విమానంలో, 137 మందిలో 55 మంది చనిపోయారు. ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ.

ఈనాడు విమానంలో నేల మీద వరసగా వెలిగే దీపాలు దారి చూపిస్తాయని చెబుతారు కదా, అలాంటి ఏర్పాట్లు వేగంగా అమల్లోకి రావడానికి ఈ ప్రమాదం ఒక ముఖ్య కారణం. అంత తేలిగ్గా అంటుకోని సీటు గుడ్డలు, రెక్క మీది తలుపు దగ్గర కాళ్లు పెట్టుకోవడానికి మరికాస్త జాగా, ఇవి కూడా. ఆ వరసలో చోటు దొరికితే కాళ్లు చాపుకోవచ్చని సంతోషిస్తాం. అది మన సుఖం కోసం ఇచ్చిన జాగా కాదు. మాంచెస్టర్‌లో ఆ సందులో ఇరుక్కుపోయిన మనుషుల జ్ఞాపకం.

మరి ఏది మేలు, ఆగడమా, ఎగరడమా? 1990ల మొదట్లో అమెరికా విమానయాన శాఖ, బోయింగ్, మిగతా తయారీదారులు, విమాన సంస్థలు కలిసి పాత లెక్కలన్నీ తిరగేశాయి. టేకాఫ్ మధ్యలో ఆపబోయి రన్‌వే కొస దాటిపోయిన జెట్ సంఘటనలు 1990 వరకు 74 తేలాయి. వాటిలో సగానికి పైగా వి1 దాటాక ఆపడం మొదలుపెట్టినవి. నిజంగా ఇంజను బలం తగ్గినవి నాలుగోవంతుకి కాస్త ఎక్కువ, అంతే. మిగతావి చక్రాలు పేలడం, దీపాలు వెలగడం, చప్పుళ్లు, అనుమానాలు. వీటిలో సుమారు 80 శాతం తప్పించదగినవేనని తేల్చారు.

దీని వెనక చిన్న భౌతికశాస్త్రం ఉంది. విమానాన్ని ఆపాలంటే బ్రేకులు దాని శక్తినంతా వేడిగా మార్చి మింగాలి. ఆ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 100 నాట్ల దగ్గర ఆపడానికీ 140 నాట్ల దగ్గర ఆపడానికీ మధ్య తేడా దాదాపు రెండింతలు. అందుకే ఈ అధ్యయనం తర్వాత శిక్షణలో ధోరణి మారింది. వేగం తక్కువున్నప్పుడు చిన్న అనుమానానికైనా ఆపు. వేగం పెరిగాక ఇంజను పోవడం, మంట, విమానం అసలు ఎగరలేని స్థితి, ఇలాంటి వాటికి తప్ప ఆపకు. వి1 దాటాక ఎగురు.

తొందరపాటు

సరే, ఎగిరారు. తర్వాత? పైలట్లకి నేర్పే మొదటి సంగతి, ఏమీ చెయ్యకుండా ఉండటం. విమానాన్ని నిటారుగా పట్టుకో, పోయిన ఇంజను వైపు ముక్కు తిరగకుండా పాదంతో రడ్డర్ తొక్కిపట్టు, చక్రాలు ముడుచు. సాధారణంగా 400 అడుగుల ఎత్తు వచ్చేదాకా మరే మీటా ముట్టుకోకు. ముట్టుకునేటప్పుడు, చెడిపోయినది ఇదేనా అని ఇద్దరూ చూసి, పైకి చెప్పుకుని, అప్పుడు లాగు.

2015 ఫిబ్రవరి 4న తైవాన్ రాజధాని తైపేలో ట్రాన్స్‌ఏషియా 235, ఏటీఆర్ 72 విమానం, లేచిన కాసేపటికే కుడి ఇంజను సెన్సారు లోపం వల్ల తన పంకాను తానే ఉత్తదిగా తిప్పేసుకుంది. ఎడమ ఇంజను నిక్షేపంలా ఉంది. ఆ గాభరాలో పైలట్ బాగున్న ఎడమ ఇంజనునే ఆపేశాడు. విమానం కీలుంగ్ నదిలో పడింది. 58 మందిలో 43 మంది పోయారు. టేకాఫ్ పరుగు మొదట్లోనే వెలగవలసిన ఒక దీపం వెలగలేదనీ, అయినా ఆపకుండా ముందుకు సాగారనీ దర్యాప్తులో తేలింది. ఆపవలసిన చోట ఆపలేదు. ఆగి చూసుకోవలసిన చోట తొందరపడ్డారు. ఆ విమానం ఒక్క ఇంజనుతో ఎక్కగలదు. ఎనభై ఏళ్ల ముందు విన్స్‌లోలో డిసి-1 చూపించింది అదే కదా!

మళ్లీ షికాగో

2016 అక్టోబరు 28న, అదే ఓహేర్ విమానాశ్రయంలో, అదే అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి 383, బోయింగ్ 767, మయామీకి టేకాఫ్ తీసుకుంటోంది. వేగం సుమారు 130 నాట్లు ఉండగా కుడి ఇంజనులోని ఒక లోహచక్రం పగిలి ముక్కలు బయటికి దూసుకొచ్చాయి. ఒక ముక్క చాలా దూరంలో ఉన్న గిడ్డంగి కప్పుని చీల్చుకుని లోపల పడింది. కెప్టెన్ వెంటనే ఆపాడు. కుడి రెక్క భగ్గున మండుతుండగా 161 మంది ప్రయాణికులూ 9 మంది సిబ్బందీ బయటపడ్డారు. ఒకరికి తీవ్రంగా దెబ్బలు తగిలాయి. ఎవరూ చనిపోలేదు.

అయినా దర్యాప్తు అధికారులు శభాష్ అని ఊరుకోలేదు. కాక్‌పిట్‌కీ క్యాబిన్‌కీ మధ్య మాట సరిగ్గా అందలేదన్నారు. నేల మీద మంటకీ, గాలిలో మంటకీ వేరు వేరు పట్టికలు ఉండాలన్నారు. ఎడమ ఇంజను ఇంకా తిరుగుతుండగానే జనం దిగారు. గాయపడిన మనిషిని పడగొట్టింది దాని గాలే. ఇంకొకటి కూడా రాశారు: చెప్పినా వినకుండా కొందరు ప్రయాణికులు పెట్టెలు పట్టుకుని దిగారు.

2025 జూన్ 12న అహ్మదాబాదులో ఎయిర్ ఇండియా 171 కూలి 260 మంది పోయినప్పుడు మన ఇళ్లలో చాలామంది ఇదే అడిగారు: ఒక ఇంజను పోయినా ఎగరగలదంటారు కదా, మరి? జూలైలో వచ్చిన ప్రాథమిక నివేదిక ప్రకారం లేచిన వెంటనే రెండు ఇంజన్లకూ ఇంధనం ఆగిపోయింది, రెండు స్విచ్చులూ సెకను తేడాతో ఆపే స్థానానికి మారాయి. ఇక్కడ చెప్పుకున్న నియమాలన్నీ ఒక ఇంజను పోయినప్పటికి. అంత తక్కువ ఎత్తులో రెండూ పోతే ఏ లెక్కా కాపాడదు.

షికాగో పక్కన డెస్‌ప్లెయిన్స్‌లోని లేక్ పార్కులో 2011లో కట్టిన ఒక చిన్న గోడ ఉంది. 191 విమానంలో పోయినవారి పేర్లు ఆ ఇటుకల మీద ఉన్నాయి. ప్రమాదం జరిగిన 32 ఏళ్లకు అది వచ్చింది. అటు వెళ్లేవాళ్లు పిల్లలకి చూపించవలసిన చోటు. 2016లో అదే ఊళ్లో మండుతున్న రెక్క పక్కనుంచి 170 మంది నడిచి బయటపడ్డారంటే, ఆ గోడ మీది పేర్లకీ, మాంచెస్టర్ మృతులకీ వాళ్లు కొంత రుణపడి ఉన్నట్టే.

పైలట్ల వంతు నిర్ణయం ముందే అయిపోయింది. ఆర్నెల్లకో ఏడాదికో సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, వి1 దగ్గర ఇంజను తీసేసి, వాళ్ల చేత మళ్లీ మళ్లీ చేయిస్తూనే ఉంటారు. ప్రయాణికుల వంతు కూడా ఒకటి మిగిలి ఉంది. దగ్గర్లోని తలుపు ఎన్ని వరసల అవతల ఉందో లెక్కపెట్టుకోవడం, దిగమన్నప్పుడు పాస్‌పోర్టులూ నగలూ ఉన్న పెట్టె అయినా సరే పైన వదిలేసి పిల్లల చెయ్యి పట్టుకుని దిగడం. అది మంటలు చూశాక తీసుకునే నిర్ణయం కాదు. బెల్టు పెట్టుకునేటప్పుడే తీసేసుకోవాలి.